పద్దెనిమిది వేల దాకా

సురేందర్ దగ్గర ఒక కథ ఉండేది. నిజామాబాద్‌లో ఇంటర్నెట్ ఫోన్లు, కెమెరాలు బిగించే పని ఆయనది. నలుగురు కలిసిన చోటల్లా ఆ కథ చెప్పి నవ్వించేవాడు. కథలో వెర్రివాడు బోధన్‌లోని బాలనర్సయ్య సేటు. తెలివైనవాడు ఎవరో వేరే చెప్పనక్కర్లేదు. మనుషులు తమ గురించి తాము చెప్పుకునే కథల్లో ఈ ఏర్పాటు మారడం నేనెప్పుడూ చూడలేదు.

బాలనర్సయ్యది వరికోత మిషన్లు కిరాయికి ఇచ్చే ఆఫీసు. ఒకప్పుడు చెరుకు నిలబడ్డ మళ్లలో ఇప్పుడు చాలావరకు వరే కాబట్టి, కోతలొచ్చాయంటే మోస్రా నుంచి, రెంజల్ నుంచి, చుట్టుపక్కల పల్లెలన్నింటి నుంచి ఆయనకు ఫోన్లే ఫోన్లు. చేతిలో ఉన్న సెల్‌ఫోన్‌తో అయ్యే పని కాదని సురేందర్‌ను పిలిపించి, ఇంటర్నెట్ మీద నడిచే ఫోన్లు పెట్టించుకున్నాడు. నంబరు ఒకటే, ఎందరు ఒకేసారి చేసినా ఎంగేజ్ రాదు.

సేటుకు తొమ్మిది పిచ్చి. జీపు నంబరు కూడితే తొమ్మిది, సెల్ నంబరు కూడితే తొమ్మిది. పెండ్లి తారీఖు తొమ్మిదికి రాలేదని ఇప్పటికీ భార్యను ఏదో ఒకటి అంటుంటాడు. ఫోన్లు బిగించే రోజు సురేందర్ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని ల్యాప్‌టాప్‌లోకి తొంగి చూశాడు.

"గీ పదివేలు, ఇర్వైవేలు ఏంది?"

"అవి పోర్టులు సేటూ. తలుపులనుకో," అన్నాడు సురేందర్. "ఫోన్ మోగుడు ఒక తలుపుల నుంచి అయితది. మాట రానీకి వేరే తలుపు. ఒక్కొక్క ఫోన్ కాలుకు ఒక్కొక్కటి, పదివేల నుంచి ఇర్వైవేల దాంక ఏది ఖాళీ ఉంటె గది. మన రూటర్ల గవన్నీ తెరిసి పెట్టాలె."

సేటు వేళ్ల మీద కూడాడు. "పదివేలంటే ఒకటి. ఇర్వైవేలంటే రెండు. మనిషి మాట వచ్చే తలుపుకు గీ నంబర్లా? నడ్వది. తొమ్మిదికి తీస్కరా."

సురేందర్ లోపల నవ్వుకుంటూ తొమ్మిదివేల తొమ్మిదివందల తొంభైతొమ్మిది నుంచి పద్దెనిమిది వేల దాకా అని రూటర్‌లో కొట్టాడు. రెండూ కూడగా కూడగా తొమ్మిదికే వస్తాయి. సేటు గోడకున్న రూటర్ వైపు తిరిగి కళ్లు మూసుకుని దండం పెట్టి, హోటల్ నుంచి చాయ్, మిర్చీ తెప్పించాడు.

కథ ఇంతే. రూటర్‌కు దండం పెట్టడం దగ్గర సురేందర్ తానూ కళ్లు మూసుకుని చూపించేవాడు, అందరూ పడీపడీ నవ్వేవారు.

ఆ ఫోన్ల దగ్గర కూర్చునే అమ్మాయి నవత. డిగ్రీ పాసై ఇంట్లో ఉంటే సేటే పిలిచి పనిలో పెట్టుకున్నాడు. తల్లి రాధాబాయి బీడీలు చుడుతుంది. ఇంట్లో ఉండేది వాళ్లిద్దరే. నవత ఎవరి ఊరు, ఎవరి పొలం, ఏ మిషన్ ఎక్కడుందన్నది నోటికే చెప్పేది. ఆ ఉద్యోగం వచ్చాక రాధాబాయి వాకిట్లో కూర్చునేటప్పుడు నడుము కాస్త నిటారుగా పెట్టి కూర్చునేదని పక్కింటివాళ్లు అనేవారు.

యాసంగి కోతలు మొదలవగానే గొడవ మొదలైంది. ఫోన్ మోగుతుంది. నవత ఎత్తి "నమస్తే, చెప్పుండ్రి" అంటుంది. అవతలి నుంచి చప్పుడు ఉండదు. "హలో, ఇనబడ్తలేదు, హలో" అని మళ్లీమళ్లీ అని చివరికి పెట్టేస్తుంది. చిత్రమేమంటే అవతలివాళ్లకు ఆమె మాట పక్కనే నిలబడి అన్నంత స్పష్టంగా వినిపిస్తుంది. రైతు గట్టు మీద నిలబడి పేరు, ఊరు, ఎకరాలు చెబుతాడు. గొంతు పెంచి మళ్లీ చెబుతాడు. అటునుంచి చల్లగా "ఇనబడ్తలేదు" అని వస్తుంది. ఇది అందరికీ జరిగేది కాదు. కొందరు హాయిగా మాట్లాడి మిషన్ తెప్పించుకుంటారు, ఆ తర్వాత చేసినవాడికి ఈ ఖర్మ పడుతుంది. రద్దీ పెరిగేకొద్దీ ఇలాంటివాళ్లూ పెరిగారు.

రెంజల్ మండలంలోని తుకారాం అనే రైతు బండేసుకుని నేరుగా ఆఫీసుకే వచ్చాడు. సరిహద్దు మనిషి, కోపం వస్తే మరాఠీలోకి దిగుతాడు. దారి పొడుగునా దిగీదిగీ ఆఫీసుకు వచ్చేసరికి తెలుగులోకి ఎక్కాడు.

"ఏం పిల్లా, నేను గంత ఒర్రుతుంటె నీకు ఇనబళ్లేదా?"

"లేదు కాకా. నిజంగ ఇనబళ్లే."

"గిప్పుడు ఇనబడ్తుందా?"

"ఇనబడ్తుంది."

"మంచిగున్నది," అన్నాడు తుకారాం అక్కడున్న డ్రైవర్ల వైపు తిరిగి. "ఎదురుంగ నిలవడితె ఇనబడ్తదట. ఫోన్ల రైతు మాట్లాడితె ఇనబడదట."

ఆఫీసులో రెండు అభిప్రాయాలు పుట్టాయి. పిల్లకు పొగరని కొందరు, చెవి మందమని కొందరు. సేటు సురేందర్‌కు ఫోన్ చేసి వచ్చి చూడమన్నాడు.

సురేందర్ వచ్చాడు. ఎండ మండిపోతోంది, నిజామాబాద్‌లో ఇంకో పని ఆగి ఉంది. తన సెల్ నుంచి ఆఫీసు నంబరుకు చేసి మాట్లాడాడు. నవతకు వినిపించింది. ఇంకోసారి చేశాడు. వినిపించింది. రూటర్ అక్కడే గోడకు ఉంది, ల్యాప్‌టాప్ సంచిలో ఉంది. తీయబుద్ధి కాలేదు.

"లైన్ కడక్ ఉన్నది సేటూ. మిషన్‌ల తప్పు లేదు, మనిషిని సూస్కోండ్రి," అన్నాడు. అక్కడితో ఆపినా బాగుండేది. డ్రైవర్లు వింటున్నారు, ఆయనకేమో నవ్వించే అలవాటు. "ఒకపారి చెవులు సూపియ్యుండ్రి. వాటికి గ్యారంటీ నేనియ్య."

పోశయ్య అనే డ్రైవరు నోట్లో చాయ్ బయటికొచ్చేలా నవ్వాడు. నవత హెడ్‌ఫోన్ మెడలో వేసుకుని అక్కడే నిలబడి ఉంది.

"అన్నా, నా చెవులు మంచిగనే ఉన్నయి."

"అందరు గట్లనే అంటరు చెల్లె."

మళ్లీ నవ్వులు. సురేందర్ కూడా నవ్వి, సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఆ గదిలో నిజంగా నవ్వాల్సిన సంగతి ఒకటి ఉందనీ, అది తన మీదేననీ ఆయనకు తెలియదు.

ఆ రోజు నుంచి నవత పేరు 'చెవుల పిల్ల' అయింది. ఆమె నిజామాబాద్ పోయి చెవుల డాక్టరుకు చూపించుకుంది. ఏ లోపమూ లేదన్నాడు. ఆ మాట ఆఫీసులో చెబితే, డాక్టరు మోగించే గంట వినిపిస్తుంది కానీ రైతు గంట కాదు కదా అన్నాడు పోశయ్య. నలుగురూ ఒకే మాట అంటుంటే మనిషికి తన ఒంటి మీద తనకే నమ్మకం పోతుంది. నవత ఒంటరిగా ఉన్నప్పుడు ఒక చెవి వేలితో మూసుకుని ఫ్యాను చప్పుడు వినేది, తర్వాత రెండోది మూసుకుని వినేది. ఎవరైనా మాట్లాడితే వాళ్ల నోటి వైపు చూడటం అలవాటు చేసుకుంది. రాధాబాయి బిడ్డతో గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టింది. కూర ఏమి వండాలో అడిగినా వాడంతటికీ తెలిసేది.

ఇంతలో ఒకరోజు పొద్దున్నే మబ్బు పట్టింది. తుకారాం ఆఫీసుకు ఫోన్ చేశాడు. పక్క ఊళ్లోనే ఉన్న మిషన్‌ను మధ్యాహ్నానికల్లా తన మడికి పంపమని అడిగాడు, బతిమాలాడు. నవతకు ఒక్క ముక్క వినిపించలేదు. మళ్లీ చేస్తే లైన్ కలిసింది, మాట మాత్రం ఈసారీ రాలేదు. సాయంత్రం రాళ్లవాన పడి కోతకొచ్చిన చేను చేనంతా రాలిపోయింది.

మరునాడు తుకారాం ఆఫీసుకు వచ్చాడు. ఈసారి అరవలేదు. గింజలు రాలిన తడి కంకులు ఇన్ని తెచ్చి నవత ముందు టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయాడు. నవత వాటిని తీయలేదు, ఏడవనూ లేదు. సాయంత్రం దాకా వాటి పక్కనే కూర్చుని ఫోన్లు ఎత్తింది.

"రేపటి సంది రాకు బిడ్డా," అన్నాడు సేటు. "నాకు రైతులతోని బదనాం అయితున్నది."

మరునాడు మధ్యాహ్నానికి ఆ కుర్చీలోకి రుచిత అనే అమ్మాయి వచ్చింది.

ఆ రోజే నిజామాబాద్‌లో తెలిసినవాళ్ల గృహప్రవేశానికి పోయిన సురేందర్, బంతిలో కూర్చుని తన కథ ఎత్తుకున్నాడు. తొమ్మిది చెప్పాడు, దండం చెప్పాడు, అందరూ నవ్వారు. ఎదురుగా కూర్చున్నాయన తనకూ ఈ పని తెలుసన్నట్టు అడిగాడు. "మరి గట్ల ఇష్టమొచ్చినట్టు మారిస్తె ఫోన్లు ఖరాబు కావా?"

తన తెలివి ఇంకాస్త చూపించుకునే సందు దొరికింది సురేందర్‌కు. "నేనేమన్న పిచ్చోన్నా? సేటుకు కండ్లముందట కనబడేది రూటరు. గందుల మార్చి సూపిచ్చిన. లోపల ఫోన్ల పెట్టె ఉంటది, గదాన్ని ముట్టుకోనే లేదు. అది పాత లెక్కల్నే ఇర్వైవేల దాంక..."

అక్కడ ఆగిపోయాడు. మిగతావాళ్లు నవ్వుతూనే ఉన్నారు.

ఫోన్ల పెట్టె వచ్చే ప్రతి ఫోన్‌కూ ఇరవై వేల దాకా ఏదో ఒక తలుపు చూపిస్తుంది. రూటర్ తెరిచి ఉంచింది పద్దెనిమిది వేల దాకానే. ఆ పై తలుపు వంతుకొచ్చిన రైతు మాట అక్కడిదాకా వచ్చి, మూసిన తలుపుకు తగిలి అక్కడే పోతుంది. నవత మాట మాత్రం లోపలి నుంచి బయటికి హాయిగా పోతుంది. ఆ రోజు ఆయన చేసి చూసిన రెండు ఫోన్లూ తెరిచి ఉన్న తలుపులకే వచ్చాయి.

తొమ్మిదిలో తప్పేమీ లేదు. రెండు చోట్లా అదే నంబరు కొట్టి ఉంటే సేటు పిచ్చి సేటుకు ఉండేది, ఫోన్లు ఫోన్లకు ఉండేవి. ఎదుటివాడి పిచ్చిని చూసి నవ్వుకునే సంబరంలో తన పని సగమే చేశాడు ఈ తెలివైనవాడు.

విస్తట్లో అన్నం వదిలేసి కారులో కూర్చుని ల్యాప్‌టాప్ తీశాడు. అక్కడి నుంచే బోధన్ రూటర్‌లోకి వెళ్లి, పద్దెనిమిది తీసి ఇరవై పెట్టాడు. ఎవరూ చూడలేదు కదా అని అటూ ఇటూ చూశాడు. చూడలేదని తెలిశాక ఆయనకు కలిగింది, చెప్పడానికి నాకే మొహమాటంగా ఉంది, హాయి.

మరునాడు సేటు ఫోన్ చేశాడు. గొంతులో పండుగ.

"సురేందర్, నీ మాటనే నిజమైందిరా. పిల్లను మార్చంగనే ఒక్క ఫోన్ తప్పుతలేదు. రుచిత అందరికి టక్కటక్క జవాబు చెప్తున్నది. నువ్వు నాడే చెప్పినవ్, చెవులని."

సురేందర్ నోరు తెరిచాడు. చెప్పాల్సిన మాట నాలుక మీదికి వచ్చింది కూడా. "అవ్ సేటూ," అన్నాడు.

తన తప్పును దొంగచాటుగా దిద్దుకోవడంతోనే నవత మీద ముద్ర గట్టిపడిందని ఆయనకు అప్పుడు తెలిసింది. ఆమె ఉన్నన్నాళ్లూ అనుమానమే, పోయాక రుజువైపోయింది. ఆ 'అవ్' అన్నందుకు సురేందర్‌ను ఎంత అన్నా తక్కువే. తనను తానే తిట్టుకున్నాడు, అద్దంలో మొహం చూసుకోవడానికి కూడా సిగ్గుపడ్డాడు. అయినా ఎవరికీ చెప్పలేదు. తొమ్మిది కథ చెప్పమని ఎవరైనా అడిగితే తల నొస్తోందని లేచిపోయేవాడు.

కొన్నాళ్లకు బోధన్ నుంచే ఒక మిల్లు యజమాని పిలిచాడు. ఎవరో కాదు, బాలనర్సయ్య పంపిన మనిషి. "ఉట్టిగ సూసి పిల్లకు చెవుడున్నదని పట్టినవట గదా," అన్నాడు మర్యాదగా. "మా కాడ కూడ ఒగాయన ఫోన్ సరిగ ఎత్తుతలేడు. జర సూసిపో."

సురేందర్ ఏదో సాకు చెప్పి బయటపడ్డాడు. బజారులో బండి ఎక్కబోతుంటే ఎదురుగా బట్టల దుకాణంలో నవత కనిపించింది. పని అడగడానికి వచ్చినట్టుంది. దుకాణం ఆయన మంచివాడే. మంచివాడు కాబట్టే గట్టిగా, ఒక్కో మాటా విడదీసి, చేతులు తిప్పుతూ చెబుతున్నాడు. "ఇప్పుడు. పని. లేదు. బిడ్డా." కొనడానికి వచ్చిన ఆడవాళ్లు జాలిగా చూస్తున్నారు. అన్నీ చక్కగా వినిపిస్తున్న ఆ పిల్ల తల వంచుకుని, అర్థమైందన్నట్టు ఊపుతోంది. సురేందర్ ఆగి ఉన్న ఆటో వెనక్కి తప్పుకున్నాడు. ఆమె దాటిపోయేదాకా ఆ వెనకే ఉన్నాడు. పెండ్లాం పిల్లలున్న మనిషి, తన చెల్లెలి వయసు పిల్లకు జడిసి ఆటో చాటున దాక్కున్నాడు.

ఆ మరునాడు మధ్యాహ్నం వాళ్ల వాడకు పోయాడు. రాధాబాయీ, ఇంకొందరు ఆడవాళ్లూ చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. నవత గుమ్మంలో కూర్చుని ఆకు కత్తిరిస్తోంది. ఆయన్ను చూసి కత్తెర ఆపింది.

సురేందర్ గుమ్మం దగ్గరికి పోయి, వంగి, గొంతు బాగా తగ్గించాడు. "నవతా, తప్పు నాది. రూటర్ల పోర్టులు తక్కువ తెరిసిన. ఫోన్ చేసినోళ్ల మాట నీ దాంక రాలే. నీ చెవులది ఏం లేదు."

నవత ఆయన నోటి వైపు చూస్తూ మొత్తం విన్నది.

"నీకు ఎప్పుడు తెల్సింది?"

ఈ ప్రశ్న అడుగుతుందని ఆయన అనుకోలేదు. "రుచిత వచ్చిన నాడే."

"గిన్నొద్దులాయె," అంది నవత.

రాధాబాయి చాట పక్కన పెట్టింది. "ఏమంటుండు ఆయన? ఏం తప్పట?" సురేందర్ మళ్లీ మెల్లగా చెప్పాడు. ఆమెకు సగం అర్థమైంది, ఆ సగం చాలు. బిడ్డ వైపు తిరిగి, అలవాటైన గొంతుతో వాడంతా మార్మోగేలా చెప్పింది. "నీ చెవులు మంచిగనే ఉన్నయట బిడ్డా. తప్పు గీ సురేందర్‌దట. ఫోన్ మిషన్ ఆయనే ఖరాబు చేసిండట."

చుడుతున్న చేతులన్నీ ఆగాయి. ఎదురింటి తలుపులోంచి ఎవరో బయటికొచ్చి నిలబడ్డారు. సురేందర్ నేల చూశాడు.

"నాకొక్కదానికి చెవుల చెప్పి పోదామని వచ్చినవ్ గదా అన్నా," అంది నవత. కోపంగా అనలేదు. ఆయన సరిగ్గా అందుకే వచ్చాడు.

ఆమె చేయి చాపింది. "సేటుకు చెయ్యి. గిక్కన్నే."

సురేందర్ ఫోన్ తీసి కలిపాడు. నవత వేలు పెట్టి స్పీకర్ నొక్కింది.

"సేటూ, నేను నవత వాళ్ల ఇంటికాడ ఉన్న. ఆ పిల్లకు చెవుడు లేదు, ఏం లేదు. తప్పు నాది. నాడు రూటర్ల పద్దెనిమిది వేల దాంకనే తెరిసిన, ఫోన్ల పెట్టెల మార్చలే. మిగిలినోళ్ల మాటలు రాలే. రుచిత వచ్చిన్నాడు సప్పుడు జెయ్యక సరి చేసిన."

సేటుకు ముందు గుర్తొచ్చింది ఒకటే. "మరి గా తొమ్మిది?"

"తొమ్మిది మీద తప్పు లేదు సేటూ. కొట్టింది నేను."

"సరే గని, గిది బజార్ల పెట్టకు. నా ఇజ్జత్ గూడ పోతది. పిల్లను మెల్లగ రేపో ఎల్లుండో రమ్మను, ఏదో ఒక పని సూద్దాం."

ఆడవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నవత ఫోన్ దగ్గరికి వంగింది.

"సేటూ, నాకు మెల్లగ రమ్మని ఎందుకు? నన్ను పొమ్మన్నప్పుడు డ్రైవర్లందరు ఉండె. రమ్మన్నప్పుడు గూడ అందరు ఉన్నప్పుడె పిలువు. గప్పుడు అస్త." ఫోన్ పెట్టేసి సురేందర్‌కు ఇచ్చింది. "తుకారాం కాక చేను పోయిందని నన్నే అనుకుంటుండు. ఆయనకు నువ్వే చెప్పు. ఫోన్ల గాదు, పోయి చెప్పు."

సురేందర్ తల ఊపాడు. తిట్టి ఉంటే ఆయనకు సులువుగా ఉండేది. ఏమైనా ఇప్పిస్తాననో, క్షమించమనో, ఏదో అనబోయాడు. ఏదీ ఆ గుమ్మం ముందు నిలిచే మాటలా అనిపించలేదు.

రాధాబాయి కళ్లు తుడుచుకుంటూ లేచింది. "బిడ్డా, జరంత చాయ్ పెట్టాల్నా?" అని గట్టిగా అరిచినంత పని చేసి, తనకే గుర్తొచ్చి నాలుక కరుచుకుంది. ఇప్పుడిక అంత గొంతు అక్కర్లేదు కదా. బిడ్డ దగ్గరికి వచ్చి, వెనుకటిలా మామూలు గొంతుతో మళ్లీ అడిగింది.

నవత తల ఎత్తి తల్లి పెదవుల వైపు చూసింది.

"ఏమన్నవమ్మా?"

సురేందర్ బండి తీసి రెంజల్ రోడ్డు ఎక్కాడు.